లెఫ్టవుట్ గారు విన్న పిలుపు

గుడివాడ నుంచి పొద్దుటి రైల్లో దిగిన ఒక పెద్దమనిషి నేను పంతులమ్మగా పనిచేసే బడి గేటు దగ్గర నన్ను ఆపి, "మీ లెఫ్టవుట్ గారు నిన్న సాయంత్రం పోయారండీ" అన్నాడు. ఆయనెవరో నాకు తెలియదు. నేనెవరో ఆయనకెలా తెలుసో అడగాలని కూడా తోచలేదు. లోపల పిల్లలు ప్రార్థన మొదలుపెట్టారు. చేతిలో గొడుగు తెరవాలో ముడవాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. "జ్వరం వచ్చిందండీ, ఇక తగ్గలేదు. పెద్దగా బాధపడలేదు లెండి" అన్నాడాయన. పోయినవాళ్ళందరి గురించీ ఈ మాటే అంటారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మనిషి ఇన్నేళ్ళూ ఏం పడ్డాడో నీకేం తెలుసయ్యా అని అడగబోయి, పాపం, రైలెక్కి కబురు మోసుకొచ్చినవాణ్ణి అనడమెందుకని ఊరుకున్నాను.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. గుడివాడలో సభ పెట్టారట. ఫొటోకి దండ వేసి, క్రీడాకాశంలో ధ్రువతార రాలిపోయిందని ఎవరో ఉపన్యాసం ఇచ్చారట. ఆయనే ఆ సభలో కూర్చుని ఉంటే చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయేవాడు. నాకు తెలిసిన మనిషికి ఆకాశంతో పనిలేదు, నేలతోనే పని. ఆ నేలమీద ఆయనకి ఏం జరిగిందో మా అమ్మకీ నాకూ తెలుసు. మా అమ్మ లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఫుట్‌బాల్ తెలియనివారికి ముందు ఒక్క ముక్క చెప్పాలి. మైదానానికి ఎడమ అంచున, సున్నపు గీత పక్కనే బంతి తీసుకుని చివరిదాకా పరుగెత్తి, అక్కడి నుంచి గోలు ముందుకి అందించేవాణ్ణి లెఫ్టవుట్ అంటారు. ఆయనకి లోపలివైపు పక్కన ఆడేవాడు లెఫ్టిన్. ఆ లెఫ్టిన్ మా అన్నయ్య. లెఫ్టవుట్ గారిది ఇనుగుదురుపేటలో సాయిబుల ఇల్లు. తండ్రి జట్కాబళ్ళకి చక్రాలు బిగించేవాడు. మాది తరతరాలుగా బడిపంతుళ్ళ కుటుంబం. చిన్నప్పుడే ఇద్దరూ ఒకే బంతి వెంట పడి, ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. బందరులో అదేమీ వింత కాదు. కూరగాయల బండివాడికీ, కొనేవాడికీ మధ్య కూడా ఆ వరస నడుస్తుంది.

మా ఇంట్లో మాత్రం కొంచెం గొడవైంది. ఆయన మొదటిసారి మా గుమ్మం ముందు నిలబడి, "అత్తయ్యగారూ, మా బావ ఉన్నాడాండీ?" అన్నాడు. మా అమ్మ చేట పట్టుకుని అలాగే చూసింది.

"ఎవరికిరా అత్తయ్య?"

"మీకేనండీ."

"నీకు నేనెలా అత్తయ్యనయ్యానయ్యా?"

"మరి బావకి మీరు అమ్మే కదండీ" అన్నాడు, లెక్క చెప్పినట్టు.

అమ్మకి నవ్వాగలేదు. ఆయన వెళ్ళాక నన్ను లోపలికి పిలిచి చెవి మెలేసింది. "వాడికి బావైతే అయ్యాడు. నువ్వు మాత్రం అన్నగారూ అనే పిలువు. పొరపాటున నోరు జారావో, చీరేస్తాను" అంది. అలా మా అన్నయ్యకి బావా, నాకు అన్నగారూ అయిన మనిషి ఆయన. ఈ చుట్టరికం మా వీధిలో ఎవరికీ తేలలేదు. ఇంకో సంగతి కూడా దాచను. మా ఇంట్లో ఆయన గ్లాసు వేరేగా ఉండేది. తాగాక ఆయనే నూతి దగ్గర కడిగి, వసారా గూట్లో బోర్లించి వెళ్ళేవాడు. దాని గురించి ఆయన ఏమీ అనలేదు, మేమూ ఏమీ అనుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన పరుగెత్తడం చూసినవాళ్ళు ముందు ఆ పరుగుకి కాదు, తలకి ఆశ్చర్యపోయేవారు. తల ఎత్తేవాడే కాదు. బంతి కాలికి అతికించినట్టు ఉండేది, చూపు నేలమీద ఉండేది. మూలకి చేరాక ఎటూ చూడకుండా ఎడమకాలితో కొట్టేవాడు. అది తిన్నగా వెళ్ళి మా అన్నయ్య ముందు పడేది. ఇందులో మంత్రమేమీ లేదు. మా అన్నయ్య "బావా!" అని ఒక్క కేక వేసేవాడు, అంతే. కేక పొట్టిగా ఉంటే దగ్గరున్నాడని, చివర సాగితే దూరంగా ఉన్నాడని, గొంతు ఎత్తితే ఎవడో మీద పడుతున్నాడు, బంతి పైనుంచి పంపమని. ఆ ఒక్క మాటలో వాళ్ళిద్దరికీ ఇంత సంభాషణ ఉండేది. ఒకసారి నేను అడిగాను, చూడకుండా ఎలా కొడతారు అన్నగారూ అని. ఆయన ఆముదం రాసుకుంటున్న కాళ్ళు అరుగు మీంచి దించి, "గీత పక్కన పరుగెత్తేవాడికి ఒకవైపు ఎవరూ ఉండరు చెల్లాయ్. అందుకని రెండోవైపు బాగా వినాలి" అన్నాడు.

గుడివాడ పోటీల్లో అవతలివాళ్ళు ఈ కిటుకు పట్టేశారు. ఆయన మూలకి చేరేసరికి వాళ్ళంతా నాలుగువైపులనుంచీ "బావా! బావా!" అని అరవడం మొదలుపెట్టారు. జనం పడీ పడీ నవ్వారు. "అందరూ చెల్లెళ్ళని ఇచ్చేస్తున్నారయ్యోయ్, ఎవర్ని చేసుకుంటావో చూసుకో!" అని ఒకడు చెట్టెక్కి కేకపెట్టాడు. ఆయన తల ఎత్తలేదు. ఆ గోలంతటిలోంచీ ఒక్క గొంతు ఏరుకున్నాడు. బంతి మా అన్నయ్యకే వెళ్ళింది, గోలు పడింది. ఇదంతా మా అన్నయ్య ఇంటికొచ్చి, పంచె ఎగ్గట్టి, నడవలో ఆ చివరనుంచి ఈ చివరికి పరుగెత్తుతూ మాకు చేసి చూపించాడు. అమ్మ వత్తులు చేసుకుంటూ, "చాల్లే, దీపం ఆరిపోతుంది" అని నవ్వింది.

ఆ ఆట చూసిన మదరాసు కంపెనీ దొర ఒకాయన లెఫ్టవుట్ గారిని పిలిపించుకున్నాడు. ఆ రోజుల్లో కొన్ని కంపెనీలు పేరుకి గోదాంలో గుమాస్తా అని రాసుకుని, అసలు పనికి ఫుట్‌బాల్ ఆడించుకునేవి. బంతి తన్నినందుకు జీతం. మన జిల్లాలో అలాంటి ఉద్యోగం అప్పటికి ఎవరూ విని ఉండరు. ఎగిరి గంతేసి ఒప్పుకోవాల్సిన మనిషి, "మా బావ లేకుండా నేను రానండీ" అన్నాడు.

"మాకు లెఫ్టిన్ ఉన్నాడు" అన్నాడట దొర, తర్జుమా చేసే గుమాస్తా చేత.

"ఉంటే ఉండొచ్చండీ. నాకు వినపడడు."

దొరకి ఇదేం అర్థమైందో గాని, ఇద్దర్నీ తీసుకున్నాడు. అమ్మ మాత్రం తల కొట్టుకుంది. "బంతి తన్నితే జీతమేమిట్రా? మీ తాత వింటే ఏమనుకుంటాడు?" అంది. ఆపైన వీధిలో ఎవరు అడిగినా "మావాడికి మదరాసులో గుమాస్తా పని" అని తలెత్తుకుని చెప్పుకుంది.

మదరాసులో వాళ్ళ ఆట బాగా సాగింది. కంపెనీ బూట్లిచ్చింది. లెఫ్టవుట్ గారు వాటిని వేసుకుని మైదానం చుట్టూ ఒక్కసారి నడిచి, విప్పి చంకలో పెట్టుకున్నారట. "వీటిల్లో నా కాలికి నేల తెలియడంలేదండీ" అన్నారట. వాన పడితే వేసుకోవాలన్న ఒప్పందం మీద వదిలేశారు. కొన్నాళ్ళకి అక్కడి అరవవాళ్ళు కూడా ఆయన బంతి తీసుకోగానే గట్టుమీంచి "బావా, బావా" అని అరిచేవారట, అదేదో ఆయన పేరనుకుని.

ఆ ఏడు వానాకాలంలో ఇద్దరూ సెలవు మీద బందరు వచ్చారు. దివిసీమలో అవనిగడ్డ వైపు కుర్రవాళ్ళు పోటీ పెట్టుకుని, మదరాసు ఆటగాళ్ళని రమ్మని పిలిచారు. వెళ్ళారు, ఆడారు. గెలిచారో ఓడారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తిరిగి రావాలంటే పులిగడ్డ దగ్గర కృష్ణ దాటాలి. అప్పటికి అక్కడ పడవే దిక్కు. నది ఎర్రగా, నిండుగా ఉంది. మసక పడుతుండగా పడవ ఎక్కారు. నడిమధ్యకి వచ్చేసరికి గాలి తిరిగి, పడవ ఒరిగి, జనమంతా నీళ్ళలో పడ్డారు. పడవ చెక్కలు పట్టుకున్నవాళ్ళని రేవువాళ్ళు లాగారు. మా అన్నయ్య దిగువన లంకలో దొరికాడు. ప్రాణంతో కాదు.

ఆ పడవలో ఉన్న బియ్యం వర్తకుడొకడు మా ఇంటికొచ్చి పరామర్శించి, పోతూ పోతూ ఒక నిప్పు వేసి పోయాడు. మా అన్నయ్య నీళ్ళలోంచి కేక పెట్టాడట. లెఫ్టవుట్ గారు ఆ కేక విన్నారట. విని, అటు కాకుండా దానికి ఎదురువైపు ఈదుకుంటూ పోయారట. "ఆ చీకట్లో ఎవడి ప్రాణం వాడికి తీపి కదమ్మా" అన్నాడు వర్తకుడు, జాలిపడుతున్నట్టు. ఆ మాట సాయంత్రానికల్లా మూడుగుళ్ళపాలెం నుంచి ఇనుగుదురుపేట దాకా పాకింది.

కర్మ చేస్తున్న రోజుల్లోనే ఆయన మా ఇంటికొచ్చాడు. గుమ్మం దాకా రాలేదు, వీధిలోనే నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి, కళ్ళు లోతుకి పోయి ఉన్నాయి. అమ్మ లేచి బయటికి వెళ్ళింది. మా అమ్మ గొంతెత్తి ఎరగదు. అప్పుడూ ఎత్తలేదు.

"వాడు పిలిచాడా?" అంది.

"పిలిచాడండీ."

"విన్నావా?"

"విన్నానండీ. తప్పు విన్నాను."

"బంతి అడిగితే కళ్ళు మూసుకుని అందిస్తావు. ప్రాణం అడిగితే ఎటో తెలియలేదా నీకు?"

ఆయన తల వంచుకున్నాడు. ఏదో చెప్పబోయినట్టు పెదవి కదిలింది. అమ్మ మొహం కేసి ఒక్కసారి చూసి, ఆ చెప్పబోయింది మింగేసి వెళ్ళిపోయాడు. అమ్మ లోపలికొచ్చి, వసారా గూట్లో ఉన్న గ్లాసు తీసి పెంటమీద పారేసింది. అప్పుడు నాకు ఆయన మీద ఉన్న కోపం ఇంతా అంతా కాదు. మా అన్నయ్య గొంతు వేయిమందిలో ఏరుకోగల మనిషికి అది ఎటునుంచి వచ్చిందో తెలియలేదంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

ఆయన ఒక్కడే మదరాసు వెళ్ళిపోయాడు. తర్వాత అటునుంచి వచ్చిన బందరువాళ్ళు చిత్రమైన మాటలు మోసుకొచ్చారు. పరుగులో వేడి తగ్గలేదట. మూలకి వెళ్ళేదాకా ఎప్పటిలాగే ఉంటుందట. అక్కడ మాత్రం, కొత్త లెఫ్టిన్ ఎదురుగా నిలబడి చేతులూపుతున్నా, ఎవరూ లేని చోటికి బంతి కొట్టేస్తాడట. తిడితే వింటాడట. మర్నాడు మళ్ళీ అంతేనట. "పిలిచాడండీ" అంటాడట. ఇదే సాగితే జీతానికి స్వస్తి చెప్తామని కంపెనీవాళ్ళు బెదిరించారట. ఊళ్ళో కొందరు పాపం అన్నారు, కొందరు చేసిన పాపం ఊరికే పోతుందా అన్నారు. అమ్మ ఎదుట ఆయన పేరెత్తే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు గాని, ఆ మాటలు గోడ దాటి ఆవిడ చెవిన పడుతూనే ఉండేవి.

రెండేళ్ళు అలా గడిచాక, ఆ కంపెనీ జట్టు మన ఊరి జట్టుతో ఆడటానికి బందరు వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం అమ్మ చెంబూ పాత్రా సర్దేసి, శాలువా కప్పుకుని, "జట్కా పిలువు" అంది.

"ఎక్కడికమ్మా?"

"ఆ మైదానానికి. నా కొడుకు అక్కడ నిలబడి పిలుస్తున్నాడంటున్నారుగా. ఎక్కడ నిలబడ్డాడో నేనూ చూస్తాను."

పుట్టి బుద్ధెరిగి అమ్మ ఆట చూసింది లేదు. వెళ్ళి జట్కా పిలిచాను. జట్కాని మైదానం అంచున, చింతచెట్ల కింద ఆపించాం. ముందు పరదా కొంచెం తొలగించి కూర్చున్నాం. సముద్రపు గాలికి దుమ్ము లేస్తోంది. చుట్టూ జనం. మమ్మల్ని గుర్తుపట్టినవాళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు.

ఆయన్ని చూసి నేను గుర్తుపట్టలేదు. చిక్కి సగమయ్యాడు. కాళ్ళు మాత్రం అవే. చాలాసేపు బంతి ఆయన దగ్గరికి రాలేదు. ఆయన జట్టువాళ్ళే ఆయనకి ఇవ్వడం మానేశారని ఆట తెలియని నాకు కూడా తెలిసింది. చివరికి ఎవరో వేరే దారి లేక ఇటు తన్నారు. ఆయన తీసుకున్నాడు. తల వంచి పరుగందుకున్నాడు. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు, జనం గోల మొదలైంది. మూలకి వెళ్ళాడు. అటువైపు గోలు ముందర కొత్త లెఫ్టిన్ ఖాళీగా నిలబడి రెండు చేతులూ ఎత్తి అరుస్తున్నాడు. బంతి అతనికి అందిస్తే గోలే.

ఆయన సగం ఆగాడు. చెవి తిప్పాడు. ఆ తిప్పడం నేను చూశాను. ఎడమకాలితో వెనక్కి, ఎవరూ లేని చోటికి కొట్టాడు.

బంతి పచ్చికమీద దొర్లుకుంటూ వెళ్ళి, నెమ్మదించి, ఆగింది. చిత్రం ఏమిటంటే దాని దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. ఆ జట్టూ వెళ్ళలేదు, ఈ జట్టూ వెళ్ళలేదు. మా అన్నయ్యతో ఆడినవాళ్ళు మన జట్టులో ఇంకా ఉన్నారు. అది ఎవరి చోటో వాళ్ళకి తెలుసు. ఎక్కడో ఒక పిల్ల వెధవ నవ్వితే ఎవరో నెత్తిన మొట్టారు. మదరాసు కెప్టెన్ నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి, ఇక చాలన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆయన ఉద్యోగం ఆ క్షణంలో పోయింది. బండిలో కూర్చున్న నాకే అర్థమైతే ఆయనకి అర్థం కాకుండా ఉంటుందా? అయినా ఆయన తల ఎత్తి ఆ బంతి కేసే చూస్తూ నిలబడ్డాడు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా, గోళ్ళు దిగేలా.

"ఆ పిలుపుకి ఇతను తప్పు వెళ్ళడే" అంది. "కూడు పోతున్నా వెళ్ళాడు. ఆ నీళ్ళలో మరేదో జరిగింది."

ఆట అయ్యాక జట్కావాడి చేత కబురు పెట్టింది, భోజనానికి రమ్మని. ఆయన వచ్చాడు. వీధిలోనే నిలబడబోతే, "లోపలికి రా" అంది. వసారాలో ఆకు వేసింది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. మా ఇంట్లో అలాంటిది అంతకుముందు జరగలేదు. అన్నం, చారు, వంకాయ కూర వడ్డించింది. ఆయన ముద్ద కలిపాడు గాని నోట్లో పెట్టుకోలేకపోయాడు.

"ఒక్కటి అడుగుతాను. వాడు ఏమని పిలిచాడు?" అంది అమ్మ.

ఆయన ముద్దని ఆకులో అటూ ఇటూ జరిపాడు.

"నా కళ్ళతో చూశాను ఇవాళ. బావా అని పిలిచి ఉంటే నువ్వు తప్పిపోవు. ఏమన్నాడు?"

"వదిలెయ్యండి అత్తయ్యగారూ."

"చెప్పు."

ఆయన చెయ్యి ఆకు మీంచి తీసేశాడు. "బావా అనలేదండీ. అమ్మా అన్నాడు."

నేను గుమ్మం పట్టుకున్నాను.

"ఒక్కసారే అన్నాడండీ. మీరు లేరు కదా అని నేను వెళ్ళాను. బావా అని ఉంటే దొరికేవాడు. ఆ మాట ఎటునుంచి వచ్చినా నాకు తెలుసు. అమ్మా అన్న మాట వాడి గొంతులో నేనెప్పుడూ అలా విని ఎరగను. ఎటునుంచి వచ్చిందో తెలియలేదండీ. ఇటే అనుకున్నాను. ఇటే వెళ్ళాను." ఆయన ఎడమచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఆ రోజునుంచీ మైదానంలో మాత్రం బావా అనే పిలుస్తున్నాడు. అప్పుడు అనని మాట ఇప్పుడు అంటున్నాడు. వెళ్ళకుండా ఎలా ఉంటానండీ?"

"ఊరంతా నీ మొహాన ఉమ్మేసిందే. నేను కూడా నానా మాటలన్నాను. ఇది ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆ పిలుపు మీరు వినాల్సొస్తుంది కదండీ."

ఆ మాట విన్నాక నేను పెరట్లోకి వెళ్ళి నూతి చప్టామీద కూర్చుని ఏడ్చాను. నన్నెవరూ ఓదార్చలేదు, ఓదార్చకపోవడమే మంచిదైంది. చదివేవారు ఆయన్ని గొప్ప ఆటగాడిగా తలుచుకుంటే తలుచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం ఇందుకు తలుచుకుంటాను. ఒక్క మాటతో తన మీది నింద తుడిచేసుకోగలిగి ఉండి, అది మా అమ్మ చెవిన పడకూడదని పిరికివాడనిపించుకుని బతికాడు. అమ్మ అడిగితేనే చెప్పాడు, అడక్కపోతే ఆ మాట ఆయనతోనే పోయేది. ఆ రుణం తీరేది కాదు.

నేను లోపలికొచ్చేసరికి అమ్మ ఆయనకి మజ్జిగ పోస్తోంది. "నేనుంటే తెలిసేది" అంటోంది, ఆయన్ని నిందిస్తున్నట్టు కాదు, తనలో తను అనుకుంటున్నట్టు. "అమ్మా అంటే ఎటునుంచో నాకు తెలిసేది." ఆయన "అవునండీ" అని తల ఊపి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళ నీళ్ళతోనే ఆకు ఖాళీ చేశాడు.

కంపెనీ అన్నంత పనీ చేసింది. ఆయన గుడివాడ చేరి ఒక బళ్ళో డ్రిల్లు మాస్టారయ్యాడు. అక్కడి జట్టుకి కొన్నాళ్ళు ఆడాడు కూడా. ఇప్పుడు తల ఎత్తి, చూసి, మనుషులున్న చోటికే బంతి ఇస్తున్నాడని, మనిషి బాగుపడ్డాడని అందరూ సంతోషించారు. ఒక ఆదివారం వచ్చినప్పుడు నేనూ ఆ మాటే అంటే ఆయన మొహం చిన్నబోయింది.

"బాగుపడటం కాదు చెల్లాయ్. అత్తయ్యగారికి చెప్పిన రోజునుంచీ పిలవడంలేదు. ఎంత పరుగెత్తినా పిలవడు. చప్పుడే లేదు మైదానంలో" అన్నాడు. ఆ మరుసటి ఏడు ఆడటం మానేశాడు. కుర్రవాళ్ళకి నేర్పాడు, పొద్దస్తమానం గీత పక్కన పరుగెత్తించాడు, "అరుచుకోండ్రా, పేర్లు పెట్టి పిలుచుకోండి, ఊరికే చేతులూపితే ఎవడికి తెలుస్తుంది" అని గొంతు పోయేలా తిట్టాడు.

ఆ పిలుపు ఎటు వెళ్ళిందో మా ఇంట్లో మాకు తెలుసు. అమ్మ బియ్యం ఏరుతూ ఏరుతూ ఉన్నట్టుండి చెయ్యి ఆపేది. "ఆఁ, వస్తున్నా" అనేది, వీధిలోంచి పిల్లాడు పిలిస్తే పలికినంత మామూలుగా. మొదట్లో నాకు ఒళ్ళు జలదరించేది. వైద్యుడికి చూపిద్దామంటే, "నాకేం జబ్బే? పిలిస్తే పలకొద్దూ?" అని కసిరింది. భయం గాని, ఏడుపు గాని ఆ మొహంలో ఉండేవి కావు. పోయేదాకా అలాగే పలుకుతూ ఉంది.

లెఫ్టవుట్ గారు పోయారని ఆ పెద్దమనిషి గేటు దగ్గర చెప్తుంటే నా కళ్ళముందు మెదిలింది మైదానం కాదు. మా అరుగు. అమ్మ చివరి ఏడాది. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని ఉన్నారు, ఆయన చేతిలో కాఫీ. ఏవో ధరల గురించి మాట్లాడుకుంటున్నారు. అమ్మ మాట మధ్యలో ఆగి, "ఆఁ, వస్తున్నా" అంది.

ఆయన వెంటనే కాఫీ కింద పెట్టేశాడు. "ఎటునుంచండీ?" అన్నాడు.

అమ్మ ఆలోచించలేదు, వెతకలేదు. చెయ్యెత్తి సందు మలుపు వైపు చూపించింది.

ఆయన లేచి, అరుగు దిగి, ఉత్తకాళ్ళతో అటు నడిచాడు. మలుపు దాకా వెళ్ళి, అవతలికి తొంగి చూసి, ఎండలో కాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చాడు.

"ఉన్నాడా?" అంది అమ్మ.

"లేడండీ."

"వస్తాళ్ళే. కూర్చో, కాఫీ చల్లారిపోతోంది."